మెత్తటి మాటల రాయుడు

సోకుల రాయుళ్ళు, గొప్పల రాయుళ్ళు మనకు పాతవాళ్ళే. ఈమధ్య ఫోన్లలో కొత్తగా వెలసినవాడు మెత్తటి మాటల రాయుడు. ఆన్‌లైన్‌లో అమ్మే దుప్పట్ల బొమ్మ కింద నాలుగు వాక్యాలు రాయడం ఈయన ఉద్యోగం. ఆ నాలుగు వాక్యాలూ చదివితే మేఘం మీద పడుకోవచ్చు, రాజభవనంలో నిద్ర లేవవచ్చు, పెళ్ళిరోజుకు ఎవరికైనా బహుమతిగా ఇవ్వవచ్చు. గదికి అందం, ఒంటికి హాయి, మనసుకు ప్రశాంతత వాటంతటవే వస్తాయి. దుప్పటి ఏ దారంతో నేశారన్న సంగతి మాత్రం రాదు. ప్రబంధ కవి నాయికను ఆపాదమస్తకం వర్ణించి, ఆమె ఏ ఊరి అమ్మాయో, ఎవరి కూతురో చెప్పకుండా కావ్యం ముగించినట్టు ఉంటుంది. ఇందులో రాయుడి దుర్మార్గమేమీ లేదు. ఆయన ఆ దుప్పటిని ముట్టుకోలేదు, అంతే. రోజంతా ఆయన చూసే షీటు ఒక్కటే, అది ఎక్సెల్ షీటు. అందులో రంగుకు ఒక గడి, సైజుకు ఒక గడి, ధరకు రెండు గడులు (ఒకటి ఉన్న ధర, రెండోది కొట్టేసి చూపించే ధర) ఉంటాయి. స్పర్శకు గడి లేదు. ఆ ఖాళీని విశేషణాలతో పూడ్చినందుకే ఆయనకు జీతం.

‘గాజు తెర మీద స్పర్శ ఎలా చూపించమంటారు, అదేమైనా రంగా?’ అని రాయుడి తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్ళున్నారు. వినడానికి సబబుగానే ఉంది. అయితే బట్టల కొట్లో దుప్పటి కొనే ఇల్లాలి చేతులు ఏం చేస్తాయో ఒకసారి గమనించండి. అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతాయి. ఒక మూల గుప్పిట్లో పట్టి పిసికి వదిలి, ముడత ఎంతసేపు నిలుస్తుందో చూస్తాయి. బట్టను వెలుతురుకు పట్టి, వెనక వేళ్ళు కనిపిస్తున్నాయా అని కనుక్కుంటాయి. కొస తడిపి తెల్ల రుమాలుకు రుద్దుతాయి, రంగు దిగుతుందేమోనని. చివరికి మడత మొత్తం అరచేతిలో ఎత్తి బరువు చూస్తాయి. ఈ అయిదింటిలో మాటల్లో చెప్పలేనిది ఒక్కటైనా ఉందా? పైగా స్పర్శ విషయంలో తెలుగుకు కరువు లేదు. బరక ఉంది, గరుకుంది, నునుపుంది, చలవ ఉంది. గంజి పెట్టిన బట్ట ఫెళఫెళలాడుతుంది, నైలాను జరజరా జారుతుంది. ‘పదేళ్ళు ఉతికిన నాన్న పంచెలా’ అంటే విజయనగరంలోనైనా వనపర్తిలోనైనా ఎవరికీ అనుమానం రాదు. ఇన్ని మాటలుండగా రాయుడు ‘ప్రీమియం సూపర్ సాఫ్ట్’ దగ్గరే ఆగిపోయాడంటే తప్పు తెరది కాదు.

అంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. చేత్తో తాకి కొన్నవాళ్ళు మోసపోలేదా అన్నది. మోసపోయారు, నిక్షేపంగా. నేతకు ముందు పడుగు పోగులకు గంజి పట్టిస్తారు. అది పూర్తిగా పోని బట్ట కొట్లో దిట్టంగా, దళసరిగా తగులుతుంది, మొదటి ఉతుకులో ఆ దిట్టమంతా నీళ్ళలో కలిసిపోతుంది. మిల్లుల్లో చివర సిలికాన్ మెత్తదనం పూసే పద్ధతి ఇంకోటి. ఇది వెన్నలా తగులుతుంది, కొన్ని ఉతుకులయ్యాక వెన్న కరిగి అసలు బట్ట బయటపడుతుంది. అంటే కొత్త దుప్పటిలో నిలవని గుణాల్లో ఈ పూసిన మెత్తదనం ఒకటి, రాయుడు అమ్మేదీ దాన్నే. వేళ్ళ సంగతి సరే, వీపు మాత్రం తక్కువ తిందా? 2016లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల సంస్థ, ఈజిప్టు పత్తివని చెప్పి అమ్మిన దుప్పట్లు, గలీబులు దాదాపు 7,50,000 వేరే పత్తివని తేల్చి, సరఫరా చేసిన భారతీయ వస్త్ర సంస్థతో తెగతెంపులు చేసుకుంది. ఆ సరుకు 2014 నుంచీ కొన్నవాళ్ళ ఇళ్ళలోకి వెళుతూనే ఉంది. గుట్టు రట్టు చేసింది వాటి మీద పడుకున్న వీపులు కాదు, సంస్థ జరిపిన విచారణ. కాబట్టి స్పర్శ ఒక్కటే చాలదు, దాని వెనకున్న లెక్క కూడా కావాలి. పీచు ఏది, నూలు ఎన్నో నంబరుది, నేత ఏ రకం, చదరపు మీటరు ఎన్ని గ్రాములు తూగుతుంది అన్న నాలుగూ చెప్తే, కూర్చున్నచోటే చేతికి సగం బట్ట తగులుతుంది. ఒకటి పైన ఒకటి కింద అల్లిన సాదా నేత గంజి పంచెలా చల్లగా, బిరుసుగా ఉంటుంది, ముడతలు పడుతుంది. నాలుగు పోగుల పైనుంచి దాటి ఒక దాని కిందుగా పోయే శాటిన్ నేత నిగనిగలాడుతుంది, కాస్త వెచ్చగా ఉంటుంది, గోరు తగిలితే పోగు లేస్తుంది. ఇది రాయడానికి కవి కానక్కర్లేదు, మగ్గం మీద కూర్చున్నవాణ్ణి అడిగితే చాలు.

లెక్క అనేసరికి రాయుడు హుషారుగా తన బ్రహ్మాస్త్రం తీస్తాడు. టీసీ, అంటే థ్రెడ్ కౌంట్. చదరపు అంగుళంలో పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని, రెండూ కలిపితే ఎన్ని అన్నదే ఆ సంఖ్య. పడుగు 140, పేక 110 అయితే మొత్తం 250, శుభ్రమైన దుప్పటి. కానీ 250 అని రాస్తే పక్క దుకాణంవాడు 400 అంటాడు. అందుకని నాలుగు పేటలు కలిపి పేనిన నూలు వాడి, పోగును ఒకటిగా కాక నాలుగుగా లెక్కిస్తారు. పోగులు పెరగలేదు, సంఖ్య మాత్రం 1000 అయి కూర్చుంది. నాలుగు జడపాయలున్న పిల్లను నలుగురు పిల్లలుగా లెక్కపెట్టినట్టు. ఒంటి పేట నూలుతో ఒక చదరపు అంగుళంలో నాలుగైదు వందలకు మించి ఇరికించడం కష్టమని నేతపనివాళ్ళకు తెలుసు, పేటల్ని విడివిడిగా లెక్కపెట్టకూడదని పరీక్షా ప్రమాణాలూ చెబుతున్నాయి. రాయుడు మాత్రం 499 రూపాయల దుప్పటికి 1000 టీసీ అని తడుముకోకుండా రాసేస్తాడు. పేనిన లావు దారం వల్ల అది బరువుగా, మందంగా, గాలి ఆడకుండా ఉంటుందని మనకు మే నెలలో తెలుస్తుంది.

మే నెల అన్నాం కనుక, గ్లేస్ కాటన్ అన్న పేరుతో అమ్మే దుప్పట్ల గురించి కూడా ఒక మాట. పేరులో కాటన్ ఉంది. కిందికి జరిగితే, చీమ తలకాయంత అక్షరాల్లో, మైక్రోఫైబర్ అని ఉంటుంది. మైక్రోఫైబర్ అంటే చాలావరకు సన్నని పాలిస్టర్. పాలిస్టర్ పాపిష్టిది కాదు. త్వరగా ఆరుతుంది, ముడత పడదు, హాస్టలు పిల్లలకు వరం. కానీ నూరు గ్రాముల పత్తి మామూలు గాలిలోంచే ఏడెనిమిది గ్రాముల తేమ పీల్చుకుంటుంది, అదే బరువు పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. రోహిణి కార్తెలో కరెంటు పోయిన రాత్రి రామగుండంలో పడుకున్న మనిషికి ఈ తేడా ఒక అంకెగా కాదు, ఒంటికి అతుక్కున్న బట్టగా తెలుస్తుంది. అనుమానం తీరాలంటే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించాలి. పత్తి కాగితం కాలిన వాసనేసి బూడిదై రాలుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఈ పరీక్ష రాయుడి బొమ్మ మీద చేయడం కుదరదు.

ఆ బొమ్మ మరో ముచ్చట. ఒకే మంచం, ఒకే కిటికీ, ఒకే ఎండ. నలభై డిజైన్లు మారతాయి, దుప్పటి మీది ముడతలు మాత్రం పొల్లుపోకుండా ఒకచోటే ఉంటాయి. దుప్పటిని ఎవరూ పరవలేదు, కంప్యూటర్లో పూశారు. మంచం మీద తప్పకుండా ఒక కాఫీ కప్పు ఉంటుంది. తెల్ల దుప్పటి మీద కాఫీ పెట్టే ధైర్యం ఏ తెలుగింట్లోనూ ఎవరికీ లేదు. సైజు దగ్గరైనా నిజం ఉంటుందా అంటే, ఉంటుంది, అరకొరగా. 90 అంగుళాలకు 100 అని ఉంటుంది. మన డబుల్‌కాట్ పరుపు పొడవు 78, మందం 8 అనుకోండి. 100లోంచి 78 పోతే 22, అటూ ఇటూ 11, పరుపు మందం దిగాక పరుపు కిందికి దోపడానికి మిగిలేది మూడేసి అంగుళాలు. పత్తి బట్ట ఉతుకులో నూటికి అయిదు ముడుచుకుందంటే 100 కాస్తా 95, మిగిలేది అర అంగుళం. దుప్పటి ఉన్నంత మేరకే కాళ్ళు చాపుకోమన్న పెద్దలు, దుప్పటే కాళ్ళు ముడుచుకుంటే ఏం చేయాలో చెప్పలేదు. ‘ఉతికాక ఇంత అవుతుంది’ అని ఒక్క ముక్క రాస్తే రాయుడి సొమ్మేం పోతుంది?

పోతుందనే వ్యాపారులంటారు. ముడత పడుతుందని, ముడుచుకుంటుందని రాస్తే ఎవడు కొంటాడని. దీనికి జవాబు సోలాపూర్ దుప్పటి. మన పద్మశాలీలు ఎందరో మహారాష్ట్రకు వలసపోయి మగ్గాలు వేసుకున్న ఊరది. ఆ దుప్పటికి పేరొచ్చింది మెత్తదనం వల్ల కాదు. బరువుగా ఉంటుంది, మొదట్లో గరుకుగా ఉంటుంది, ఏళ్ళ తరబడి ఉతికితే దారికొస్తుంది. ఇవన్నీ తెలిసే తరాలుగా కొన్నారు, పెళ్ళిళ్ళలో పెట్టారు. పెడన అద్దకం దుప్పటి మొదటిసారి విడిగా ఉతుక్కోమని అమ్మేవాడే చెప్తాడు, ఆ మాట విని ఎవరూ వెనక్కి పోలేదు. లోపం ముందే చెప్పినవాడి మిగతా మాటలు నమ్మబుద్ధేస్తుంది, బేరం కుదిరేది అక్కడే. రాయుడి పేజీలో ఆ పని చేస్తున్నది రాయుడు కాదు, అట్టడుగున మూడు నక్షత్రాలిచ్చి ‘బాగానే ఉంది కానీ మూడో ఉతుక్కి ఉండలు కట్టింది, దిండు కవరు చిన్నది’ అని రాసిన పేరు తెలియని ఇల్లాలు. ఆమెకు విశేషణాలు రావు, దుప్పటిని మాత్రం ముట్టుకుంది, ఉతికింది, ఆరేసింది. రాయుడి జీతంలో సగం ఆమెకివ్వడం న్యాయం.

అందుకని కొనేముందు వర్ణన దాటి కిందికి జరగండి, ‘ఉతుకు’ అన్న మాట ఎక్కడుందో అక్కడ ఆగి చదవండి. ఎందుకంటే దుప్పటి అసలు స్పర్శ తెలిసేది ఉతికాకే. వాపసు తీసుకునేది మాత్రం సాధారణంగా వారం పది రోజుల్లోపు, అదీ ఉతకకపోతేనే.