మా తోడల్లుడి మూడో ప్రైజు

డాలస్ వైపు తెలుగువాళ్లు పదిమంది చేరిన చోట పోకర్ మీద పుస్తకాలు చదివినవాడు ఒకడు ఉండి తీరతాడు. మిగతావాళ్లు ఆడతారు, అతను అధ్యయనం చేస్తాడు. మా గుంపులో ఆ ఒక్కడూ నా తోడల్లుడే కావడం నా ప్రాప్తం.

ఆట ఏపాటిదో ముందు చెప్పాలి. శుక్రవారం రాత్రి ఫ్రిస్కోలో ఎవరో ఒకరింట్లో మేడమీద గేమ్ రూం. ఒకే టేబులు, తొమ్మిదిమంది, తలా 20 డాలర్లు. మొదటివాడికి 90, రెండోవాడికి 54, మూడోవాడికి 36. మిగతా ఆరుగురికీ మిర్చి బజ్జీలు. ఈ మాత్రం భాగ్యానికి మా వాడు గురువారం రాత్రి తొమ్మిదింటికే పడుకుంటాడు, బుర్ర చురుగ్గా ఉండాలని.

మొదటి గంటంతా అతని పని ముక్కలు పడేయడమే. రెండు ముక్కల చివర్లు బొటనవేలితో రవ్వంత లేపుతాడు, చూస్తాడు, మూస్తాడు, వాటి మీద తిరుపతి నుంచి తెచ్చుకున్న వెంకన్న బిళ్ల పెడతాడు, మనసులో ఎనిమిది లెక్కపెడతాడు, అప్పుడు ముందుకు తోసేస్తాడు. చేతిలో ఏడు-రెండు పడ్డా, ఆసుల జత పడ్డా అదే ఎనిమిది. లేకపోతే ఎదుటివాడు పసిగట్టేస్తాడట. ఆ ఎదుటివాడు మా డెంటిస్టు. ఫ్లష్ పెద్దదా స్ట్రెయిట్ పెద్దదా అని ఇప్పటికీ ఫోన్లో చూసుకుంటాడు.

‘అంత భయమైతే ఆడటం దేనికయ్యా’ అని ఒకసారి అన్నాను. అనకుండా ఉండాల్సింది. ‘అన్నయ్యా, మొదటి చేతిలోనే ఒకణ్ని లేపేసి చిప్స్ రెట్టింపు చేసుకున్నావనుకో, నీ ఇరవై ఎంతయినట్టు?’ అని అడిగాడు. నలభై అన్నాను. ‘కాదు, ముప్పై ఆరున్నర’ అన్నాడు, తలుపులో వేలు నలిగినంత బాధగా. చివరికి టేబుల్ మీదున్న చిప్సన్నీ గెలిచినవాడి ఒళ్లోకే వస్తాయి, డబ్బు మాత్రం సగమే వస్తుంది. అందుకని సంపాదించిన చిప్పు కన్నా పోగొట్టుకున్న చిప్పు ఖరీదెక్కువ. ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూశాను. ముప్పై ఆరున్నరే. అతని మీద నా కోపానికి అసలు కారణం ఇదేననుకుంటాను.

ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందేలు, అంటే బ్లైండ్స్, పెరిగి, తన దగ్గర చిప్స్ పది పెద్ద పందేల (బిగ్ బ్లైండ్స్) కన్నా తగ్గాయా, మనిషి మారిపోతాడు. ఇక మధ్యేమార్గం లేదు. పడేస్తే పడేస్తాడు, లేదా ఉన్నదంతా ఒక్కసారే నెట్టేస్తాడు. మొహంలో మాత్రం మార్పుండదు, బజ్జీ నమలడం ఆపడు. నలుగురు మిగిలేసరికి మళ్లీ మౌనవ్రతం. ప్రైజులు ముగ్గురికే కాబట్టి మిగతా ముగ్గురూ ఎప్పుడు కొట్టుకుంటారా అని కాచుక్కూర్చుంటాడు. ఎవడో ఒకడు నిద్రొచ్చో, భార్య ఫోన్ చేసో, ఆల్ ఇన్ అని పోతాడు. మా వాడు 36 డాలర్లు మడిచి జేబులో పెట్టుకుని, పోయినవాణ్ని కారు దాకా సాగనంపుతూ అతను ఎక్కడ పొరపాటు చేశాడో వివరిస్తాడు.

ఇతని పురాణపురుషుడు క్రిస్ మనీమేకర్. టెనెసీలో అకౌంటెంటు, 86 డాలర్ల చిన్న ఆన్‌లైన్ టోర్నమెంటుతో మొదలుపెట్టి 2003లో లాస్ వేగాస్‌ పోకర్ వరల్డ్ సిరీస్ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. ఇంటిపేరు నిజంగా అదే. మా మరదలు ఈ కథ ఎన్నిసార్లు విందో, టెనెసీ అనే మాట వినపడితే చాలు, వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆవిడకి ఇంకో కడుపుమంట కూడా ఉంది. కార్పస్ క్రిస్టీ బీచికని పిల్లల్ని ఎక్కించుకుని, దారిలో రాబ్స్‌టౌన్‌లో బండి ఆపి ఫొటోలు తీయించాడు. మేం ఆడే హోల్డెమ్ పోకర్ పుట్టింది ఆ ఊళ్లోనేనని టెక్సస్ శాసనసభ 2007లో తీర్మానం చేసిందట. ఫొటోలో వెనక పెట్రోలు బంకు తప్ప ఏమీ లేదు.

అయినా అతన్ని పిలవకుండా మాకు శుక్రవారం గడవదు. నా ఉద్యోగం పోయినప్పుడు అర్ధరాత్రి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఇంటి వాయిదా, ఇన్సూరెన్సు, పెద్దదాని కాలేజీ, అన్నీ రాయించి, ‘నీ దగ్గర ఇంకా పది బిగ్ బ్లైండ్స్ పైనే ఉన్నాయి. మొదటి ఆఫరుకి ఆల్ ఇన్ అనకు’ అన్నాడు. ఓదార్పు అలా కూడా ఉంటుందని నాకు తెలియదు. ఆగాను. రెండో ఆఫరు మెరుగ్గానే వచ్చింది. దాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడనుకోండి.

ఈ వేసవిలో భీమవరం నుంచి మా మామగారొచ్చారు. జీవితమంతా రమ్మీ ఆడిన మనిషి. అది నైపుణ్యంతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పిందని, ఆ కేసు మన సికింద్రాబాదులో ఒక క్లబ్బుదేనని పోలీసులకే పాఠం చెప్పగలరు. ఈయన ముందు అల్లుడి పిరికి ఆట బయటపడుతుందని పనిగట్టుకుని తీసుకెళ్లాను. రెండు గంటలు వెనక కుర్చీలో కూర్చుని చూశారు. మా వాడు ముక్కలు పడేస్తూనే ఉన్నాడు.

‘ఇది మన నూట ఒకటి పూల్ రమ్మీ కదయ్యా!’ అన్నారు చివరికి, కళ్లజోడు సర్దుకుంటూ. ‘ముక్క బాగోకపోతే ఇరవైకి డ్రాప్. ఆశపడి కూర్చుంటే మిడిల్ డ్రాప్ నలభై. మరీ మొండికేస్తే ఫుల్ కౌంట్ ఎనభై. అవతలివాళ్లు మొండికేసేదాకా మనం బతికుండాలి, అంతే.’

మా వాడు ఎనిమిది లెక్కపెట్టకుండానే లేచి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాడు. ఆ రాత్రి ఇద్దరూ కిచెన్ బల్ల దగ్గర ఒంటిగంట దాకా ముప్పై ఆరున్నర లెక్క చేశారు. ఫ్రిజ్‌లోంచి మంచినీళ్లు తీసుకుంటుంటే మామగారు తలెత్తారు.

‘ఇంతకీ నువ్వు ఎన్నో చేతికి పోయావు బాబూ?’