చెవిలో పువ్వు, దానికో వెండి తీగ

మా బావమరిది పాటంటే చెవి కోసుకుంటాడు. కోసుకున్న చెవికి అలంకారం మాత్రం ఏనాడూ తక్కువ చేయడు. హెడ్‌ఫోన్, దానికో ఆంప్లిఫయర్, ఆ రెంటికీ పాట మోసుకొచ్చే డిజిటల్ కేబుల్: ఈ మూడింటి చుట్టూ వాడి జీతం ప్రదక్షిణలు చేస్తూంటుంది.

చెవికి తెలిసే తేడా హెడ్‌ఫోన్‌లో బోలెడు, ఆంప్‌లో కాస్తంత, కేబుల్‌లో ఉందనుకునేవాళ్లకి మాత్రమే. మాటలు సరిగ్గా దీనికి తలకిందులు. హెడ్‌ఫోన్ గురించి వాడు రెండు ముక్కలు చెబుతాడు. ఆంప్ గురించి కాఫీ అయ్యేదాకా చెబుతాడు. కేబుల్ ఎత్తుకున్నాడంటే మా ఆవిడ లేచి కుక్కర్లో ఇంకో గ్లాసు బియ్యం పోస్తుంది, తమ్ముడు భోజనానికి ఉంటాడని.

హెడ్‌ఫోన్ దగ్గర వాడు బుద్ధిగానే నడుచుకున్నాడు. జర్మనీవాళ్ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కొన్నాడు. 1997లో వచ్చిన మోడల్; ఫోన్లు ఏడాది తిరక్కుండా ముసలివైపోయే రోజుల్లో ఇంకా మర్యాదగా అమ్ముడుపోతోంది. దాని కప్పులకి వెనక మూత ఉండదు, జాలీ ఉంటుంది. ఓపెన్‌బ్యాక్ అంటారు. 1968లో ఇదే కంపెనీ హెచ్‌డీ 414 అని పసుప్పచ్చ స్పాంజి దిండ్లతో ఈ రకాన్ని బజార్లోకి తెచ్చింది. పాట తలకాయలో ఇరుక్కోకుండా చుట్టూ విచ్చుకున్నట్టు ఉంటుంది (సౌండ్‌స్టేజ్ అంటాడు మా వాడు), అందులో అబద్ధం లేదు. నేనూ పెట్టుకుని విన్నాను. బాలమురళీకృష్ణ ఆలాపన ఎత్తుకునే ముందు పీల్చిన ఊపిరి వినిపించింది. వెనక తంబురా నాలుగో తీగ మీటు విడిగా వినిపించింది.

కానీ జాలీ అంటే రాకపోకలు రెండువైపులా ఉంటాయి. వాడు వినే పాట హాలంతా వింటుంది; హాల్లో మోతంతా వాడు వింటాడు. రివ్యూలు రాసేవాళ్ల ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ ఉండదు కాబోలు. మే నెలలో, కూకట్‌పల్లి మూడో అంతస్తులో, ఫ్యాను అయిదులో పెట్టుకుని, పక్కింటి కుక్కరు రెండో కూతకీ మూడో కూతకీ మధ్య మా వాడు "నేపథ్యం ఎంత నిశ్శబ్దంగా ఉందో చూశావా బావా" అంటాడు. తలకి రాసుకున్న కొబ్బరినూనె ఆ మెత్తటి దిండ్లలోకి ఎంత తొందరగా ఇంకుతుందో కూడా ఏ రివ్యూలోనూ ఉండదు. మూత ఉన్న రకం కొందామా అంటే, కళ్లజోడు కాడ అడ్డుపడి దిండు చెంపకి అతుక్కోదు, మృదంగం ఎడమవైపు గుమ్మనే నాదం ఆ సందులోంచి జారిపోతుంది. ఇక మాటీలూ జూకాలూ పెట్టుకునే ఆడవాళ్ల సంగతి ఆ డిజైన్ గీసినవాళ్లు కల్లో కూడా తలచి ఉండరు.

కొన్న కొత్తలో వాడు బర్న్-ఇన్ అని ఒక దీక్ష పట్టాడు. కొత్త హెడ్‌ఫోన్ లోపలి పొర సాగి మెత్తబడాలట, అందుకు రాత్రీ పగలూ పింక్ నాయిస్ అనే మోత వినిపిస్తూ ఉంచాలట. ఇంట్లోవాళ్లకి ఇబ్బంది లేకుండా దాన్ని బీరువాలో దుప్పట్ల మధ్య పెట్టి తలుపేసి ఆఫీసుకి పోయాడు. పదకొండింటికి నాకు మా అత్తగారి ఫోను. "అల్లుడుగారూ, బీరువాలో పాము దూరిందండీ. ఆగకుండా బుస కొడుతోంది. వాచ్‌మన్ కర్రయితే తెచ్చాడు గానీ తలుపు మమ్మల్నే తియ్యమంటున్నాడు." నేను వెళ్లేసరికి బీరువా ముందు గిన్నెలో పాలున్నాయి, హారతి కూడా అయిపోయింది. తలుపు తీసి హెడ్‌ఫోన్ చేతికిస్తే ఆవిడ కాస్త నిరుత్సాహపడ్డారు. ధర విన్నాక, "పామైనా బాగుండేది బాబూ" అన్నారు.

ఆంప్ అవసరమా కాదా అన్నది కాగితం మీద తేలిపోయే లెక్క. ఈ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకి పెట్టే అడ్డు, 300 ఓమ్‌లు. ఒక వోల్టు ఇస్తే 97 డెసిబెళ్ల దాకా మోగుతుందని కంపెనీ మాట. ఫోన్‌కి తగిలించే వేలెడు డాంగిళ్లలో కొన్ని ఆ ఒక్క వోల్టూ ఇచ్చేస్తాయి. 97 చిన్న సంగతేం కాదు. 85 డెసిబెళ్ల మోతలో రోజుకి ఎనిమిది గంటలు, అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెళ్లకీ అందులో సగం: అమెరికాలో నియోష్ సంస్థ కార్మికుల చెవుల కోసం కట్టిన లెక్క ఇది. వేళ్లు మడిచి చూస్తే 97కి అరగంట. పాటలో హఠాత్తుగా ఎగిసే దెబ్బలకి కాస్త జాగా ఉండాలి గనక ఒక మాదిరి ఆంప్ ఉంటే మంచిదే. దాని సొంత ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్‌లో ఎనిమిదో వంతు మించకుండా చూసుకుంటే చాలు. కొట్లో రెండు ఆంప్‌లు పోల్చేటప్పుడు రెంటి మోతా సమానంగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదాన్నే చెవి "ఇదే బాగుంది" అనేస్తుంది.

ఇదంతా చెబితే మా వాడు శ్రద్ధగా విని వాల్వుల ఆంప్ కొన్నాడు. మా మావగారు వాల్వు రేడియోని పాతసామాన్లవాడికి తూకానికి వేసి ట్రాన్సిస్టర్ తెచ్చిన రోజు ఇంట్లో పాయసం వండారట. ఆయన కొడుకు ఇప్పుడు ఆ వాల్వులు ఎర్రబడేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటున్నాడు. ఇంతా చేసి వాడు వినేది మాయాబజార్ పాటలు. 1957 నాటివి, మోనో. రెండు చెవుల్లోనూ పడేది ఒకే శబ్దం. వాడికి మాత్రం కుడిపక్క ఘంటసాల, ఎడమపక్క లీల నిలబడి పాడుతున్నారట.

ఇక కేబుల్. సీడీ 1982లో బజారుకొచ్చింది. సెకనుకి 44,100 కొలతలు, ఒక్కో కొలతకి 16 బిట్లు, రెండు చెవులకీ కలిపి సెకనుకి 14,11,200 ఒకట్లూ సున్నాలూ. వాటిని మోయడానికి 75 ఓమ్‌ల కొయాక్సియల్ తీగ ఉంది, 1983లో తోషిబావాళ్లు తెచ్చిన టాస్‌లింక్ అనే ఎర్ర వెలుతురు తీగ ఉంది, కంప్యూటరు నుంచయితే యూఎస్‌బీ ఉంది. మా వాడు యూఎస్‌బీ తీగ కొన్నాడు. వెండి పూత. నగలు పెట్టే రకం సంచీలో వచ్చింది. తీగ మీద బాణం గుర్తు కూడా ఉంది, అంకెలు ఎటు పోవాలో చెప్పడానికి. రెండు కొసలూ రెండు ఆకారాల్లో ఉన్న తీగని తిప్పి పెట్టడం బ్రహ్మతరం కూడా కాదు.

"వెండి తీగ పెట్టాక లీల గొంతు వెచ్చబడింది బావా."

పోస్ట్‌మన్ కొత్త సైకిల్ కొన్నాడని ఉత్తరంలో కబురు మారదు కదరా అన్నాను. ఆడియోకి వచ్చేసరికి యూఎస్‌బీలో దారిన పోయిన అంకెల్ని మళ్లీ పంపే ఏర్పాటు లేదు, నిజమే. కానీ పోతే టిక్కుమంటుంది, లేదా పాట తెగుతుంది. పోయిన సున్నాలన్నీ ఏరి కోరి లీల గొంతులో తీపి తగ్గించవు. అంకెలు వేళ తప్పి వస్తాయేమోనన్న బెంగా అక్కర్లేదు. అంకెల్ని మళ్లీ పాటగా మార్చే డీఏసీలు ఇప్పుడు చాలావరకు తమ గడియారాన్నే చూసుకుని కంప్యూటర్ని అంకెలు అడిగి తెప్పించుకుంటాయి.

వినకపోతే మేయర్, మోరన్‌ల పరీక్ష తీశాను. 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వచ్చింది. హై-రిజల్యూషన్ డిస్కుల్ని ఒకసారి ఉన్నదున్నట్టు, ఒకసారి సీడీ స్థాయికి దించి వినిపించి, ఏది ఏదో పోల్చుకోమన్నారు. 554 సార్లకి 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. అన్ని అంకెలు కత్తిరించినా పసిగట్టలేని చెవికి తీగ మీద పూత వినిపిస్తుందట్రా అని అడిగాను.

వాడు కాసేపు గడ్డం గోక్కుని, "వాళ్లు ఏ కేబుల్ వాడారో రాశారా బావా?" అన్నాడు.

వాడింట్లో అసలు జబ్బు వేరే ఉంది. ల్యాప్‌టాప్ చార్జరు పెట్టగానే పాట వెనక సన్నగా గుయ్యిమనేది. గోడలో ఎర్తింగ్ తీగ పేరుకే ఉంది, దేనికీ తగిలి లేదు. ఫోన్ స్పీకర్లో పాటలు పెట్టుకుని పనిచేసే ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి ఆ తీగ బిగించాడు, మోత ఆగింది. వందల్లో దొరికే వెలుతురు తీగ వేసినా ఆగి ఉండేది, అందులో కరెంటు పారదు గనక.

ఇంకోటి మిగిలింది. కుడివైపు తాళాల మెరుపు తగ్గిందని వాడు హెడ్‌ఫోన్‌ని ఎడాపెడా తిప్పి పెట్టుకుని చూస్తున్నాడు. ఎలా తిప్పినా తగ్గేది కుడి చెవిలోనే. మారుమాట్లాడకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన కుడి చెవిలోంచి సెనగ్గింజంత గుబిలి తీసి పళ్లెంలో పెట్టారు. బయటికి రాగానే ఆర్టీసీ బస్సు ఒకటి హారన్ కొట్టింది. మా వాడు మెట్ల మీదే ఆగి కళ్లు మూసుకున్నాడు. "సౌండ్‌స్టేజ్ ఎంత విచ్చుకుందో బావా!"

ఆటో ఎక్కాక కాసేపు ఆలోచించి, డాక్టరుగారు వాడిన పనిముట్టు స్టీలుదా, వెండిదా అని అడిగాడు.