షాబందరు లేని బందరు

సముద్రం ఒడ్డు పోర్టు కోసం బందరు వాళ్లు మూడు శంకుస్థాపనలు చూశారు. 2008లో రాజశేఖరరెడ్డి, 2019లో చంద్రబాబు, 2023లో జగన్మోహన్‌రెడ్డి. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు శిలాఫలకాలు, బోలెడన్ని పూలదండలు. ఇంట్లో పోర్టులకు ఈ తతంగమేమీ లేదు. కెమెరాలు బిగించే కుర్రాడు బైకు మీద వస్తాడు. గోడకు డీవీఆర్ తగిలిస్తాడు. రౌటర్లో 80 ఒకటి, 554 ఒకటి, 8000 ఒకటి తెరుస్తాడు, టీ తాగి వెళ్లిపోతాడు. అరగంటలో ఇల్లు అంతర్జాతీయ వాణిజ్యానికి సిద్ధం. కొబ్బరికాయ ఖర్చు కూడా లేదు.

నాగాయలంక నుంచి కృత్తివెన్ను దాకా ఇప్పుడు రొయ్యల చెరువు గట్టు మీద కెమెరా లేకపోతే చిన్నతనం. ఏరేటర్ల మోటార్లు ఎత్తుకుపోతారని ఒకటి, మేత బస్తాల లెక్క తప్పుతుందని ఒకటి, కాపలావాడు కునుకు తీస్తున్నాడేమో చూడ్డానికి ఇంకొకటి. గుడివాడలో మంచం మీద పడుకుని రైతు చూస్తాడు. డాలస్‌లో ఆఫీసు మీటింగు మధ్యలో కొడుకు చూస్తాడు. ఆ ఇద్దరితో పాటు ఇంకెంతమంది చూస్తున్నారో ఇద్దరికీ తెలియదు.

యూజర్‌నేమ్ అడ్మిన్. పాస్‌వర్డ్ అడ్మిన్ 12345.

“అది మార్చాలేమో కదరా అబ్బాయ్?”

“మారిస్తే మీరే మర్చిపోతారు బాబాయ్. మళ్లీ నాకే ఫోన్ చేసి తిడతారు.”

కాదనలేని వాదన. ఊళ్లో డీవీఆర్లన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే, గుర్తుపెట్టుకునే బరువు ఊరంతా తలా కాస్త మోస్తుంది. సహకారోద్యమం మన సొసైటీ బ్యాంకుల్లో కూడా ఇంత గట్టిగా వేళ్లూనలేదు. మూడు నెలలు పోయాక ఆ కుర్రాడే ఫోన్ చేస్తాడు: “బాబాయ్, మీ మూడో కెమెరా రావట్లేదు, చూసుకోండి.” ఎంత శ్రద్ధో అని బాబాయ్ మురిసిపోతాడు. నీకెలా తెలిసిందిరా అని మాత్రం అడగడు.

“మన చెరువు అడ్రసు ఎవడికి కావాలిలే” అనేది రెండో ధీమా. నిజమే, మీ చెరువు ఎవడికీ అక్కర్లేదు. అడ్రసులన్నీ కావలసిన వాళ్లున్నారు. పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసులు మొత్తం కలిపి దాదాపు 430 కోట్లు. 2013లో మిషిగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు జీమ్యాప్ అనే సాధనం తయారుచేసి, ఒక్క కంప్యూటర్‌తో వాటన్నిటినీ ముప్పావుగంటలో తట్టి చూడొచ్చని నిరూపించారు. ఏ అడ్రసులో ఏ పరికరం పలుకుతోందో చెప్పడానికి 2009 నుంచే షోడాన్ అనే సెర్చి ఇంజన్ ఉంది. ఇక 2016లో వచ్చిన మిరాయ్ అనే మాల్వేర్ చేతిలో ఉన్నది అరవై చిల్లర ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల చిట్టా, అంతే. దాంతోనే లక్షల కెమెరాలనూ డీవీఆర్లనూ లొంగదీసి, ఆ అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసులు చెప్పే డైన్ అనే కంపెనీ మీదికి ఉసిగొల్పారు. అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి మూలనపడ్డాయి. మేత బస్తాలు కాయాల్సిన కన్ను ఎక్కడో ఎవడి కొంపో కూలుస్తుంది. గట్టు మీద దీపం మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు.

నాలుగు వందల ఏళ్ల కిందట మన బందరుకు, అదే మచిలీపట్నానికి, ఇంతకంటే తెలివి ఉండేది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం మహా రేవు. డచ్చి వాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషు వాళ్లొచ్చి కొఠీ పెట్టారు. ఒడ్డున లోతు చాలక పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేసేవి. సరుకు చిన్న పడవల్లో రావాలి, సుంకం కట్టాలి, రేవు అధికారి షాబందరు కన్ను దాటాలి. ఓడ తిన్నగా కొఠీ గుమ్మంలోకి దూసుకొస్తానంటే కుదిరేది కాదు. రివర్స్ ప్రాక్సీ చేసేది సరిగ్గా ఆ షాబందరు కొలువే. ఇంట్లో ఫోటోల సర్వర్ ఒకటి, రోల్డ్‌గోల్డ్ ఆర్డర్ల పేజీ ఒకటి, లైట్లూ మోటార్లూ వేసి ఆర్పే హోమ్ అసిస్టెంట్ ఒకటి ఉన్నాయనుకోండి. బయటికి కనిపించే రేవు ఒక్కటే, 443. వచ్చినవాడు ఏ పేరు చెప్పి వచ్చాడో ప్రాక్సీ చూస్తుంది. ఆ పేరు తన పట్టీలో ఉంటే లోపలి ఫలానా యంత్రం దగ్గరికి పంపుతుంది, లేకపోతే అక్కణ్ణుంచే వెనక్కి తిప్పుతుంది. ఎన్‌క్రిప్షన్ పనీ దానిదే. లోపలి యంత్రాల అడ్రసులు బయటివాడి కంట పడవు.

దీనికి ఖర్చెంత? సున్నా. విల్లీ తారో అనే ఫ్రెంచివాడు 2001లో విడుదల చేసిన హెచ్ఏప్రాక్సీ ఉచితం. ఈగోర్ సిసోయెవ్ అనే రష్యన్ 2004లో ఇచ్చిన ఎంజినెక్స్ ఉచితం. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ లాంటి ఫైర్‌వాల్ ఒక పాత కంప్యూటర్లో వేసుకుంటే హెచ్ఏప్రాక్సీ అందులోనే చేరుతుంది. ఎన్‌క్రిప్షన్‌కు కావలసిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ కూడా ఉచితమే. 90 రోజులకోసారి తీరిపోయినా, ఒకసారి అమర్చిపెడితే తనంతట తానే పునరుద్ధరించుకుంటుంది. బహుశా అందుకే ఎవరూ పెట్టరు. దుకాణంలో బిల్లు పడని వస్తువును వస్తువుగా ఒప్పుకోవడం మన డెల్టా మర్యాద కాదు.

పెట్టేవాళ్లు లేకపోలేదు. సంక్రాంతికి బెంగళూరు నుంచి దిగుతాడు పెద్దబ్బాయి. కోడిపందేలకు వెళ్లడు, గారెలు చల్లారిపోతున్నా లేవడు, ఫైర్‌వాల్ ముందు తపస్సు. ప్రాక్సీకి 443 కావాలి. అక్కడ ఫైర్‌వాల్ సొంత పరిపాలన పేజీ కూర్చుని ఉంటుంది. దాన్ని వేరే పోర్టుకు మార్చి, ఇంటి లోపలికే పరిమితం చేయాలి. అబ్బాయి మార్చాడు, బాగుంది. బెంగళూరు వెళ్లాక కూడా చూసుకోవాలి కదా అని, దానికీ ఒక పేరు పెట్టి ప్రాక్సీ పట్టీలో ఎక్కించాడు. అంటే షాబందరు ముద్ర తీసుకెళ్లి బజార్లో బల్ల మీద పెట్టాడు. తర్వాత డీవీఆర్‌కో పేరు, ఫోటోలకో పేరు, చెరువుకో పేరు, విడివిడిగా సర్టిఫికెట్లు. బ్రౌజర్లు నమ్మే ప్రతి సర్టిఫికెట్టూ ఒక బహిరంగ పట్టీలో నమోదవుతుందని, అందులో పేర్లు ఎవరైనా చదువుకోవచ్చని అతనికి తట్టలేదు. చెరువుకు పేరు పెట్టిన కాసేపటికే ఆ పట్టీ చదివే బోట్లు నామకరణానికి హాజరు. వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ ఒక్కటి తీసుకుంటే విడి పేర్లు బయటపడేవి కావు.

అన్నిటికంటే గొప్ప ఘట్టం చివర్లో ఉంది. ప్రాక్సీ చక్కగా పనిచేస్తోంది, తాళం బొమ్మ మెరుస్తోంది, అత్తగారికి కూడా చూపించారు. పాత 8000, 554 ఫార్వర్డింగులు మాత్రం తీయలేదు. “ఉండనీ, అదొక బ్యాకప్పు.” రేవులో షాబందరుకు జీతం, హంసలదీవి పాయలో దొంగ పడవలకు దారి.

పాత దారులు మూసినా ఒక చిక్కుంది. ప్రాక్సీ కళ్లు మూసుకుని అన్నిటినీ లోపలికి అందిస్తే ఉన్నా లేనట్టే. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ తన కెమెరాల్లో ఒక లోపం ఉందని ఒప్పుకుంది. వెబ్ పోర్టు అందితే చాలు, లాగిన్ కూడా అవకుండా కెమెరాకు ఆదేశాలివ్వొచ్చు. దిద్దుబాటు వేసుకోని అలాంటి కెమెరా ముందు, ఎవరు నువ్వని అడగని ప్రాక్సీ పెడితే, అదే దాడి కొత్త సర్టిఫికెట్‌తో మర్యాదగా లోపలికొస్తుంది. దొంగ పట్టుచొక్కా వేసుకొచ్చినంత మాత్రాన అల్లుడైపోడు.

ఇక చవక ఫైబర్ వాళ్ల కథ వేరు. చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ అడ్రసే ఉండదు. 2012లో ఇందుకోసమే కేటాయించిన 100.64 దగ్గర మొదలయ్యే అడ్రసుల వరుసలోంచి ఒకటిచ్చి, వందల ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రసు వెనక కుక్కుతారు. బయటివాడు మీ దాకా రాలేడు, మీ ప్రాక్సీ దాకా కూడా రాలేడు. స్టాటిక్ ఐపీ కొనాలి, లేకపోతే ఐపీవీ6 ఇచ్చే కనెక్షన్ చూసుకోవాలి. మనవాళ్లు రెండూ చేయరు. కెమెరా కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ గీకుతారు. కోడూరు గట్టు మీది బొమ్మ ఎక్కడెక్కడి సర్వర్ల చుట్టూ తిరుగుతుందో గానీ, చివరికి అవనిగడ్డలో ఫోన్‌లోకి వస్తుంది. “చూశావా, ఎంత క్లియర్‌గా ఉందో!”

ప్రభుత్వం ఊరుకుందనుకుంటే పాపం. జనం గుమిగూడే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం 2013లోనే చెప్పింది. అందరూ పెట్టారు, పెట్టినట్టు బోర్డులూ పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇంకో మాట చెప్పింది: సంస్థల్లో సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లోగా తమకు చెప్పాలి. తెలిసిన ఆరు గంటల్లోగానట! మన దగ్గర దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరుగుతాయి. ఆ లెక్కన ఏ సంస్థా గడువు దాటే ప్రసక్తే లేదు.

ఇన్ని చెప్పాక నా తీర్పు ఒకటే. చెరువు కెమెరాకు రివర్స్ ప్రాక్సీ కూడా దండగే. ఆ బొమ్మ చూడాల్సింది ఇంట్లో నలుగురు. ఆ నలుగురి ఫోన్లలో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వేసి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క దారి ఉంచి, మిగతావన్నీ మూసేయడం మంచిది. రివర్స్ ప్రాక్సీ ఊరివాళ్లు చూడాల్సిన పేజీలకు, గిరాకీలు ఆర్డరిచ్చే పేజీలకు. కాదని కెమెరాకే పెడితే దాని గుమ్మంలోనే లాగిన్ అడిగించాలి. ఆ రెంటికీ తేడా చెప్పలేనివాడు చొక్కా జేబు మీద ఏ కంపెనీ పేరు కుట్టించుకున్నా, అతని చేత రౌటర్ ముట్టించకండి.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద మీ ఇంటి పబ్లిక్ అడ్రసు బ్రౌజర్లో కొట్టండి. డీవీఆర్ లాగిన్ పేజీ పలికితే రౌటర్లో పోర్టు ఫార్వర్డింగ్ వరుసలన్నీ తీసేయండి. ఏ పేజీ రాకపోయినా ఆ వరుసలు ఒకసారి చూడండి, 8000 లాంటివి బ్రౌజర్‌కు కనబడవు. పరికరాలు అడిగిందే తడవుగా పోర్టులు తెరిచే యూపీఎన్‌పీ ఆపండి. పాస్‌వర్డ్ మార్చి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, సిగ్గేమీ లేదు.