డిస్పాచ్ సెక్షన్ మాంచెస్టర్ అన్న

జులై వస్తే పటాన్‌చెరులో బోనాల డప్పులు మొదలవుతాయి. ఇస్నాపూర్ దగ్గర రోడ్డు పక్కన వాన నీళ్లు నిలుస్తాయి. మా మాంచెస్టర్ అన్నకు బీపీ పెరుగుతుంది. మొదటి రెండింటికీ కారణాలు ఇక్కడే దొరుకుతాయి. మూడోదానికి అమెరికా దాకా పోవాలి.

మాంచెస్టర్ అన్న ఒక్కడే అనుకోకండి. ముత్తంగి నుంచి సదాశివపేట దాకా, అరవై అయిదో నంబరు హైవేకు అటూ ఇటూ ఎన్ని ఫ్యాక్టరీలున్నాయో ఇంచుమించు అందరు అన్నలున్నారు. ఒకడు బాయిలర్ దగ్గర, ఒకడు క్యూసీ ల్యాబులో, ఒకడు గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టరు ముందు. నేను చెప్పబోయే అన్నది పాశమైలారంలో డిస్పాచ్ సెక్షన్. అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా కనపడదు. ఆదివారాలు వేసుకునే మాంచెస్టర్ యునైటెడ్ ఎర్ర జెర్సీ మీద షెవర్లే గుర్తుంటుంది. ఆ కంపెనీ మన దేశంలో కార్లు అమ్మడం 2017లోనే ఆపేసింది. అన్న ఛాతీ మీద షోరూం మాత్రం ఇంకా తెరిచే ఉంది. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీ ఉండగా, సొంత బావమరిది అందులోనే పనిచేస్తుండగా, బండికి అపోలో టైర్లు వేయించాడు. అప్పట్లో అపోలో వాళ్లు క్లబ్బుకు భాగస్వాములు కదా మరి. బావమరిది చాలాకాలం గడప తొక్కలేదు.

"మా క్లబ్బుకు పైసలిచ్చెటోల్లకు మనం బిజినెస్ ఇయ్యకుంటే ఎట్ల తమ్మి?" అని అన్న నన్నే అడిగాడు. మాంచెస్టర్ యునైటెడ్‌ను ఆయన ఎప్పుడూ 'మా క్లబ్బు' అంటాడు. తాను జీతం తీసుకునే కంపెనీని మాత్రం 'వీళ్ల కంపెనీ' అంటాడు.

ఈ జబ్బు ఎప్పుడు పట్టిందో తేదీతో సహా చెప్తాడు. 1999 మే 26. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ క్వార్టర్లలో మేనమామ ఇంట్లో, వేసవి సెలవుల్లో, నిద్ర రాక టీవీ పెట్టాడట. బార్సిలోనాలో చాంపియన్స్ లీగ్ ఫైనల్. తొంభై నిమిషాలు నిండేదాకా బయెర్న్ మ్యూనిక్ ఒక గోల్ ముందుంది. ఆ తర్వాత కలిపిన కాసిని నిమిషాల్లో షెరింగమ్ ఒకటి కొట్టాడు, సోల్షేర్ ఒకటి కొట్టాడు. మేనమామ లేచి వచ్చి "ఎవలు చచ్చిన్రురా?" అని అడిగేదాకా కేకలు ఆగలేదు. ఆ రాత్రి చెడిన నిద్ర ఇప్పటికీ బాగుపడలేదు.

సీజన్ నడుస్తున్నప్పుడు అన్న అందరిలాంటి అభిమానే. ఓడితే కోచ్‌ను తిడతాడు, గెలిస్తే ఇంకో రెండు గోల్స్ పడాల్సిందంటాడు. అసలు మనిషి బయటపడేది సీజన్‌కు ముందు క్లబ్బు విదేశీ టూరు షెడ్యూలు వచ్చిన రోజున. దాన్ని ఆయన అభిమానిగా చదవడు. డిస్పాచ్ ఇన్‌చార్జిగా చదువుతాడు.

2023 షెడ్యూలే చూడండి. జులై 22న న్యూజెర్సీలో ఆర్సెనల్‌తో. 25న శాన్‌డియేగోలో రెక్సమ్‌తో. మరునాడే హ్యూస్టన్‌లో రియల్ మాడ్రిడ్‌తో. 30న లాస్ వేగాస్‌లో డోర్ట్‌మండ్‌తో. అన్న ఒక పాత ఇన్వాయిస్ వెనక్కి తిప్పి అమెరికా మ్యాపు గీశాడు. తూర్పు కొస, పడమటి కొస, దక్షిణం, మళ్లీ పడమర.

"తమ్మి, నేను గిట్లనే పాశమైలారం బండిని వైజాగ్ తోలి, ఆడికెల్లి ముంబై తోలి, తెల్లారి నాగ్‌పూర్‌ల దింపి, మల్ల పుణెకు పో అంటే డ్రైవర్ ఏం జేస్తడు? తాళంచెవి నా మొకాన గొట్టి పోడా? డీజిల్ పైసలు ఎవడిస్తడు? మేనేజర్ నన్ను సెక్షన్ల ఉంచుతడా?"

శాన్‌డియేగోలో ఎక్కువగా కుర్రాళ్లనే దింపారని, పెద్ద ఆటగాళ్లను హ్యూస్టన్ కోసం దాచారని నేను చెప్పబోయాను. అది ఇంకా పెద్ద తప్పయింది. "అంటే పార్ట్ లోడ్ పంపిండ్రన్నమాట! టికెట్ కొన్నోడు ఫుల్ లోడ్ పైసలు కట్టిండు గదా?" రెక్సమ్ అప్పుడు నాలుగో అంచె క్లబ్బు. ఇద్దరు సినిమా నటులు కొనుక్కున్నది. దాని మీద యునైటెడ్ 3–1తో ఓడింది. మరునాడు మాడ్రిడ్ మీద 2–0తో ఓడింది. నాలుగు రోజులు పోనిచ్చి డోర్ట్‌మండ్ మీద 3–2తో ఓడింది. "డెలివరీ మాత్రం టైంకు జేసిండ్రు," అన్నాడు అన్న.

క్లబ్బుల లెక్క వేరే. స్పాన్సర్లు ఏ ఊళ్లో జెండా పాతమంటే ఆ ఊళ్లో పాతాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియంలో ఎనభై వేల మంది టికెట్ కొంటామంటే విమానం అటే తిరుగుతుంది. కోచ్‌ల గోడు కూడా ఎవరూ వినరు. 2014లో వాన్ గాల్ ఈ దూరాలేమిటని బాహాటంగానే విసుక్కున్నాడు. 2018లో మిషిగన్‌లో లివర్‌పూల్ చేతిలో 4–1తో ఓడిన రోజున మొరీన్యో, ఇలాంటి జట్లను చూడటానికైతే తాను డబ్బు ఖర్చు పెట్టనన్నాడు. అన్న దృష్టిలో మొరీన్యో చేసిన ఒకే ఒక మంచి పని అది.

ఇక వేళల సంగతి. అమెరికా సాయంత్రం మనకు తెల్లవారుజాము. అందుకని టూరు ఉన్నన్నాళ్లు అన్న సీ షిఫ్టు అడిగి మరీ వేయించుకుంటాడు. రాత్రి డ్యూటీని బతిమాలి పుచ్చుకునే మనిషిని ఆ షిఫ్టు ఇన్‌చార్జి అంతకుముందు చూడలేదు. ఇంట్లో ఏవో గొడవలున్నాయని జాలిపడి, కొన్నాళ్లు చాయ్ కూడా పోయించాడు. హ్యూస్టన్ మ్యాచ్ మనకు పొద్దున్నే, సీ షిఫ్టు వదిలే వేళకు. స్టాఫ్ బస్సులో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. సిగ్నల్ పోయింది. మళ్లీ వచ్చేసరికి మాడ్రిడ్ ఆటగాడు బెల్లింగ్‌హామ్ గోల్ కొట్టేసి పక్కకు పోయాడు. అన్న డ్రైవర్ను తిట్టాడు. డ్రైవర్ బెల్లింగ్‌హామ్ అంటే కొత్త స్టాపు అనుకుని "ఆడ ఆపరాదన్నా, ట్రాఫిక్ పోలీసులుంటరు," అన్నాడు.

2024 జులైలో క్లబ్బు ఫ్రాన్స్ నుంచి లెనీ యోరో అనే పద్దెనిమిదేళ్ల డిఫెండర్ను కొన్నది. అయిదు కోట్ల పౌండ్లకు పైమాటే. కొన్న పది రోజులు తిరగకముందే లాస్ ఏంజెలెస్‌లో ఆర్సెనల్‌తో ఆడుతూ పాదం ఎముక విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ మైదానంలో కనపడింది డిసెంబరులో. అదే మ్యాచ్‌లో స్ట్రైకర్ హోయ్‌లుండ్‌కూ దెబ్బ తగిలింది. ఆ రోజు అన్న మొహం చూస్తే ఎవరైనా పోయారేమో అనుకుంటారు. "ట్రాన్సిట్ డ్యామేజ్ తమ్మి. సీలు గుడ తియ్యలే. గిది మా దగ్గరైతే ప్యాకింగోన్ని, ట్రాన్స్‌పోర్టోన్ని ఇద్దర్ని నిలబెట్టి అడుగుతరు." 2016లో బీజింగ్‌లో మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌ను, వానలకు గడ్డి పాడైందని, ఆట రోజునే రద్దు చేసిన ముచ్చటనూ ఆయన ఇదే లెక్కలో వేస్తాడు: అన్‌లోడింగ్ పాయింట్ చూడకుండా బండి పంపితే అంతే.

ఇన్ని చెప్పినా, ఆయన పరువు నిజంగా పోయింది మాత్రం 2025 మేలో. అది సీజన్‌కు ముందు టూరు కాదు, సీజన్ అయిపోయాక కట్టిన టూరు. లీగులో 15వ స్థానం. మే 21న యూరోపా ఫైనల్లో టోటెన్‌హామ్ చేతిలో ఓటమి. 25 ఆదివారం ఆఖరి లీగ్ మ్యాచ్. 28 బుధవారం కౌలాలంపూర్‌లో ఆట! అలసిన మనుషులను విమానమెక్కించి అంత దూరం తీసుకుపోయింది డబ్బు కోసమే. ఆ టూరు మీద 80 లక్షల పౌండ్లకు తగ్గకుండా వస్తాయని అప్పట్లో పత్రికలు రాశాయి.

కానీ అన్న పొంగిపోయాడు. కారణం ఒక్కటే, వేళ కుదిరింది. మలేసియా రాత్రి మనకు సాయంత్రం ఆరు దాటాక. జనరల్ షిఫ్టు దిగిన వాళ్లందరినీ ఇస్నాపూర్‌లో ఒక హోటల్ టీవీ ముందు పోగేశాడు. ఒడిశా ప్యాకింగ్ కుర్రాళ్లు, బెంగాల్ వెల్డర్లు, క్యూసీలో పనిచేసే మలయాళీ కెమిస్టు. చాయ్, మిర్చి బజ్జీల ఖర్చు తనదేనన్నాడు. ఎదుటి జట్టు ఆగ్నేయాసియా దేశాల నుంచి ఏరి ఆ ఒక్క మ్యాచ్ కోసం కట్టింది. "ఇయ్యాల అయిదు గోల్స్ లెక్కవెట్టుకోండ్రి," అని అన్న ముందే ప్రకటించాడు. 71వ నిమిషంలో మయన్మార్ ఆటగాడు మౌంగ్ మౌంగ్ ల్విన్ గోల్ కొట్టాడు. అదొక్కటే గోల్. స్టేడియంలో ఎర్ర జెర్సీలు వేసుకుని వచ్చిన జనమే గోల గోలగా అరిచి ఆటగాళ్లను సాగనంపారు. ఇస్నాపూర్‌లో అంత గొడవ లేదు. మోహన్ బగాన్ అభిమాని అయిన ఒక బెంగాలీ వెల్డరు బజ్జీ నములుతూ నెమ్మదిగా అడిగాడు: "అన్నా, యే కౌన్‌సా డివిజన్ కా టీమ్ హై?"

అన్న బిల్లు కట్టి, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత హాంకాంగ్‌లో 3–1తో గెలిస్తే, ఎవరికీ చెప్పలేదు.

ఒక్క విషయంలో మాత్రం పాశమైలారం మొత్తం అన్న పక్షాన నిలిచింది. 2025 ఫిబ్రవరిలో యునైటెడ్ యాజమాన్యం పొదుపు పేరుతో, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సిబ్బందికి ఉచితంగా పెట్టే మధ్యాహ్న భోజనం ఆపేసి పండ్లు ఇస్తామంది. అంతకుముందు ఏడాదే 250 ఉద్యోగాలు తీసేశారు. ఆ యాజమాన్యంలో పొదుపు కత్తి పట్టిన సర్ జిమ్ రాట్‌క్లిఫ్ ఎవరు? ఐనియోస్ అనే కెమికల్ కంపెనీ అధిపతి, చదువుకున్నది కెమికల్ ఇంజినీరింగు. ఇది వినగానే రియాక్టర్ల దగ్గర పనిచేసే వాళ్లందరికీ యునైటెడ్ కష్టాలు ఒక్కసారిగా అర్థమయ్యాయి. "కెమికలోడా? అయితే అంతే!" అన్నారు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియని యూనియన్ పెద్దమనిషి ఒకాయన, 250 మందికి మించిన ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఉండాలని 1948 చట్టంలోనే ఉందని, మాంచెస్టర్‌కు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ లేడా అని నిలదీశాడు. క్యాంటీన్ తీసేసి, విమానాలకు మాత్రం ఖర్చు పెడతారా అన్న ప్రశ్నకు మూడు షిఫ్టులూ ఒక్కటయ్యాయి. నాకు తెలిసినంతలో ఈ పారిశ్రామికవాడలో ఫుట్‌బాల్ ఇంత లోతుగా ఇంకెప్పుడూ చర్చకు రాలేదు.

అన్నకు ఒక ప్రత్యర్థి ఉన్నాడు. ఐటీఐ చదివి అప్రెంటిస్‌గా చేరిన మెస్సీ తమ్ముడు. వాడి ముందు అన్న ఒకటే చిట్టా విప్పుతాడు: 2024 ఫిబ్రవరి 4న హాంకాంగ్‌లో మీవాడు బెంచీ మీది నుంచి లేవలేదు, జనం పైసలు వాపసు అడిగితే సగమిస్తామన్నారు. తమ్ముడు ఊరుకోడు: 2019లో సియోల్‌లో మీ రొనాల్డో లేచాడా? "అప్పుడు వాడు జువెంటస్‌ల ఉండె, మా బాధ్యత కాదు," అని అన్న వెంటనే డెలివరీ చలాన్ చూపించినట్టు చెప్తాడు.

2025 డిసెంబరు 13న మెస్సీ కోల్‌కతాకు వచ్చి చప్పున వెళ్లిపోయాడు. జనం కుర్చీలు విరగ్గొట్టారు, నిర్వాహకుడు అరెస్టయ్యాడు. అన్న ఆ పగలంతా పండగ చేసుకున్నాడు. సాయంత్రం ఉప్పల్‌లోనూ అదే జరుగుతుందని టీవీ ముందు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మెస్సీ వచ్చాడు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జెర్సీ వేసుకుని బంతి తన్నాడు. అంతా సజావుగా ముగిసింది. అన్న మొహం వాడిపోయింది. ప్లానింగ్ బాగున్న చోట ఆయనకు పనేముంటుంది?

అయితే నాకు అన్న మీద ఒక కోపం ఉంది, అది చెప్పకుండా ఉండలేను. ముత్తంగిలో ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి స్టేడియం అరగంట. అక్కడ మనకూ ఒక క్లబ్బు ఉండేది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. రెండేళ్లు తిరగకముందే జీతాలు ఆగిపోయాయి, విదేశీ ఆటగాళ్లు మూటలు సర్దుకున్నారు. 2023–24లో మిగిలిన కుర్రాళ్లు మొత్తం సీజన్‌లో ఒక్క మ్యాచ్ గెలిచారు. 2025లో క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. తిరుగు టికెట్ లేని టూరది. ఇది చెప్పి, "నువ్వు ఎన్నిసార్లు పోయినవన్నా?" అని అడిగాను.

"ఒకపారి పోదామనుకున్న తమ్మి," అన్నాడు. "ఆ రోజు మా క్లబ్బు మ్యాచ్ ఉండె."

ఇంటి సంగతి కూడా చెప్పాలి. 2025 జులై 19 శనివారం వదినకు ఎప్పటి నుంచో ఉన్న మొక్కులు తీర్చడానికి అన్నే స్వయంగా ప్లాను వేశాడు. ఏడుపాయల, ఝరాసంగం, బీదర్ నరసింహస్వామి, ఒక్క రోజులో. బండి షెవర్లే తవేరా. ఇంకో బండి మాట్లాడనివ్వలేదు. తెల్లారుజామున బయలుదేరి ముందు బీదర్ పోయారు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి ఏడుపాయల వచ్చారు. ఏడుపాయల నుంచి మళ్లీ జహీరాబాద్ వైపు ఝరాసంగం మళ్లించాడు. పొద్దున బీదర్ పోయేటప్పుడే పక్కనుంచి దాటిపోయిన ఊరది. పిల్లలకు వాంతులు, అత్తగారికి నడుం నొప్పి. గుళ్లో దండం పెట్టీ పెట్టకముందే బండిని జహీరాబాద్‌లో ఒక దోస్తు ఇంటి ముందు ఆపించాడు. స్టాక్‌హోంలో లీడ్స్‌తో మ్యాచ్, మనకు సాయంత్రం ఆరున్నరకు. ఆ రోజు రూటంతా ఆ ఆరున్నర చుట్టూనే తిరిగింది.

వదిన గుమ్మంలోనే నిలబడి అన్నది: "నాకు ఇయ్యాల సమజైంది. ఆ క్లబ్బోల్లకు టూరు ప్లాను రాసిచ్చేది నువ్వేనన్నమాట."

అన్న సమాధానం చెప్పలేదు. మ్యాచ్ గోల్ లేకుండా 0–0తో ముగిసింది. తవేరా డ్రైవరు లోపలికి వచ్చి, మాట్లాడుకున్న కిలోమీటర్లు మధ్యాహ్నమే దాటిపోయాయని, డీజిల్ పైసలు వేరే ఇయ్యాలని చెప్పి, తాళంచెవి టీవీ ముందు బల్ల మీద పెట్టాడు.