బుషింగారావు గారు

అమెరికాలో మనవాళ్ళకి గరాజ్ అంటే కారు పెట్టుకునే చోటు. బుషింగారావు గారికి కారు తప్ప మిగతావన్నీ పెట్టుకునే చోటు. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో ప్రతి నాలుగైదు వీధులకీ ఇలాంటి రావుగారు ఒకరుంటారు. పగలంతా ఏదో బ్యాంకు డేటాబేసుకి కాపలా కాస్తారు. సాయంత్రం కాగానే, టెక్సాస్ ఎండకి రంగు వెలిసిన కారు పక్కనుంచి లోపలికి దూరి, చిన్న లేత్ ముందు నిలబడతారు. ఆయన చెక్కతో పెన్నులు చేస్తారని ఊళ్ళో ప్రతీతి. ఆయన అసలు చేసే పని బుషింగులు వెతకడం.

బుషింగంటే ఏమిటో తెలియకపోతే ఈయన అర్థం కారు. పెన్ను కిట్ అని ఓ పొట్లం అమ్ముతారు. అందులో ఇత్తడి గొట్టాలు, మొన, క్లిప్పు, నడుం పట్టీ, రీఫిల్లూ ఉంటాయి. మనం చెక్క దిమ్మకి నిలువునా బెజ్జం వేసి, గొట్టం జిగురుతో అతికించి, మాండ్రెల్ అనే సన్నటి ఇనప ఊచకి గుచ్చి లేత్ మీద తిప్పాలి. దిమ్మకి అటొకటి ఇటొకటి ఉక్కు ఉంగరాలు తొడగాలి. అవే బుషింగులు. ఉలితో చెక్కని ఆ ఉంగరం మట్టానికి తీస్తే, తరవాత కిట్‌లోని లోహపు ముక్క దగ్గర చెక్క సరిగ్గా కలుస్తుంది. ఉంగరం పెద్దదైతే చెక్క గట్టులా లేచి ఉంటుంది. చిన్నదైతే లోహం అంచు వేలికి గీసుకుంటుంది.

ఇంత ముఖ్యమైన వస్తువుని కిట్‌తో పాటు ఇస్తారనుకుంటాం. ఇవ్వరు, విడిగా కొనుక్కోవాలి. పైగా మోడల్ మారితే ఉంగరం మారుతుంది. స్లిమ్‌లైన్‌కి 7 మిల్లీమీటర్ల డ్రిల్లు, సిగార్‌కి 10 మిల్లీమీటర్లు, సియెర్రా దగ్గరికొచ్చేసరికి 27/64 అంగుళాలు. ఏడు, పది అని సాఫీగా నడుస్తున్న లెక్క ఉన్నట్టుండి అరవై నాలుగో వంతుల్లో పడితే ఇంకొకరైతే పెన్ను చెయ్యడం మానేసి బాల్ పాయింట్ కొనుక్కుంటారు. రావుగారు ఎక్సెల్ షీటు తెరుస్తారు.

ఆ షీటులో కిట్ పేరు, డ్రిల్లు కొలత, గొట్టం పొడవు, అటు బుషింగు, ఇటు బుషింగు, అన్నీ ఉంటాయి. లేనిదల్లా బుషింగు ఎక్కడుందన్న సంగతి. ఒకప్పుడు వాటిని మాత్రల డబ్బాలో సర్దుకున్నారు. సోమవారం గదిలో స్లిమ్‌లైన్, మంగళవారంలో సిగార్, బుధవారంలో సియెర్రా. ఏర్పాటు బాగానే ఉంది గానీ, ఆర్నెల్లు ఉండడానికి రాజమండ్రి నుంచి వచ్చిన మావగారికీ అలాంటి డబ్బాయే ఉంది.

"ఏవండీ, నాన్నగారు బీపీ మాత్రనుకుని మీ ఉంగరం నోట్లో వేసుకోబోయారు!" అని రావుగారి భార్య వంటింట్లోంచి కేకేశారు.

"ఏ వారం గదిలోంచి తీశారు?" అని అడిగారు రావుగారు. మావగారి ఆరోగ్యం గురించి ఆయన వేసిన మొదటి ప్రశ్న అదే.

డబ్బా ఒలికిన రోజు ఆ ఇంట్లో ఇంకో పని జరగదు. ఉంగరాలన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. కొన్నిటి మీద గుర్తుకి గాడి గీసి ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు. గాజులమ్మే ఆవిడ చెయ్యి చూడగానే రెండుంపావో, రెండున్నరో చెప్పేస్తుంది. రావుగారు అలా చెప్పలేరు. కాలిపర్ మెడలోనే వేలాడుతూ ఉంటుంది, ఒక్కో ఉంగరాన్నీ దాని దవడల మధ్య పెట్టి, మిల్లీమీటరులో నూరో వంతు దాకా చదివి, కాగితం మీద వేసుకుంటారు. వెంట్రుకవాసి తేడాకి ఇంత గొడవెందుకని ఆవిడ విసుక్కుంటే, ఆవిడ జడలోంచే ఒక వెంట్రుక లాగి కొలిచి, "0.07. ఈ మాత్రం తేడా వేలికి తెలుస్తుంది" అన్నారు.

ఇంత శ్రద్ధగా కొలిచినా బుషింగు మాట మీద నిలబడేది కాదు. చెక్కని సాండ్‌పేపర్‌తో రుద్దినప్పుడల్లా పక్కనున్న ఉంగరమూ రవ్వంత అరుగుతుంది. కొలబద్దే ఏటా చిక్కిపోతుంటే కొలతకి దిక్కెవరు? ఆ రుద్దుడులో రాలిన ఉక్కు పొడి మేపుల్ లాంటి తెల్ల చెక్కకి అంటుకుని, పెళ్ళికూతురి బుగ్గన చుక్క పెట్టబోయి మసి పూసేస్తుంది. మెరుపు కోసం సూపర్ గ్లూ పూతలు వేస్తే, పెన్నూ బుషింగూ విడాకులకి ఒప్పుకోవు. పూతకీ మందం ఉంటుంది కాబట్టి చెక్కని బుషింగు కంటే ఓ పిసరు లోపలికి తియ్యాలి. ఆ పిసరు ఎంతన్నది రావుగారి షీటులో ప్రత్యేకమైన కాలమ్.

ఈయనకి సాటివాళ్ళతోనూ పేచీలున్నాయి. మాండ్రెల్ ఊచని గట్టిగా బిగిస్తే వంగుతుంది, వంగితే పెన్ను గుండ్రం తప్పుతుంది, కాబట్టి ఊచ లేకుండా రెండు కొనల మధ్యే దిమ్మని తిప్పాలని ఒక వర్గం. కాస్త చూసి బిగించుకుంటే ఊచ చాలునని ఇంకో వర్గం. సంక్రాంతి పాట్‌లక్‌లో ఇద్దరు రావుగార్లు ఎదురుపడితే పులిహోర చల్లారుతుంది. మన రావుగారు వాదనలో ఓడి కొనల వర్గంలోకి మారారు. దానికి బుషింగులు వేరే. మళ్ళీ మొత్తం సెట్టు కొన్నారు.

మావగారు వెళ్ళేలోగా ఒక ఆదివారం అల్లుడి లేత్ చూడ్డానికి గరాజ్‌లోకి వచ్చారు. ఆయన జేబులో నల్లటి లావుపాటి ఫౌంటెన్ పెన్నుంది. రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం వారి దుకాణంలోది. స్వదేశీ పెన్ను కావాలన్న గాంధీగారు 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది వాళ్ళకే. రావుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, మూత దగ్గర గోరు ఆనించి చూశారు.

"ఇది ఏ కిట్ అండీ, మావయ్యగారూ?"

"కిట్టేవిటి అల్లుడుగారూ? ఎబొనైట్ కడ్డీ లేత్‌కి బిగించి చేత్తో తీసేస్తారు. మూతకి మరలూ వాళ్ళే కోస్తారు."

"మరి బుషింగులు?"

"అవెందుకూ? మూత ఒంటికి పట్టిందో లేదో పెట్టి చూస్తే తెలీదూ?"

రావుగారు ఆ రాత్రి నిద్రపోలేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీద తిప్పి లక్క బొమ్మలు చేసేవాళ్ళకీ బుషింగులు లేవు కదా అని అర్ధరాత్రి ఇంకో సందేహం. తెల్లారేసరికి ఆయనకి తోచింది. అక్కడ మూతా ఒళ్ళూ ఒకే చేతిలో తయారవుతాయి, ఒకదాని కొలత ఇంకొకటి. ఇక్కడ లోహపు ముక్క ఫ్యాక్టరీలో ముందే పుట్టేసింది, చెక్కే దాని వెనక నడవాలి. అలాంటప్పుడు కొలవాల్సింది బుషింగుని కాదు, ఆ ముక్కనే! వెంటనే కిట్ విప్పి కొలిచారు. బుషింగు 8.30, అసలు ముక్క 8.38. ఇన్నాళ్ళూ వేలికి గీసుకున్న లోహపు అంచుకి కారణం దొరికింది.

ఆ తరవాత ఆయన పెన్నులు అద్భుతంగా కుదురుతున్నాయి. బుషింగులు పారేశారా అంటే, లేదు. ప్రతి కిట్‌కీ ముక్క కొలత వేరు, బుషింగు కొలత వేరు, రెంటికీ తేడా ఇంకొకటి. షీటులో మూడు కాలమ్‌లు పెరిగాయి.

రావుగారు మీకూ ఎప్పుడో ఒక పెన్ను బహుమతిగా ఇస్తారు. "రాయకండి, ముందు తడమండి" అంటారు. చెక్క ఏం చెక్కని అడగకండి, రంగు బాగుందని అనకండి. నిదానంగా గోరుతో అతుకు మీద గీసి, "ఎక్కడ కలిసిందో తెలియడం లేదండీ" అనండి. "కాస్త తగిలినట్టుంది" అని మాత్రం పొరపాటున కూడా అనకండి. పెన్ను వెనక్కి వెళ్ళిపోతుంది, ఆయన గరాజ్‌లోంచి బయటికొచ్చేదాకా మీకు భోజనం పెట్టరు. ఇంటికెళ్ళాక దాంతో నాలుగు ముక్కలు రాయండి కూడా. ఆ గరాజ్‌లో పుట్టిన పెన్నుల్లో అక్షరం మొహం చూసినవి బహు తక్కువ.