విలన్ల ద్రవ్యోల్బణం

‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసిన ఆన్‌లైన్ ఆట. అజెరాత్ అనే లోకాన్ని కాపాడటం ఇందులో ఆటగాళ్ల పని. ఇరవై ఏళ్లు దాటినా ఆ లోకం ఇంకా ప్రమాదంలోనే ఉంది. లక్షల మంది నెలనెలా చందా కట్టి కాపాడుతున్న లోకం ఒకసారి నిజంగా క్షేమంగా ఉంటే, కంపెనీ క్షేమంగా ఉండదు.

ఆట మొదలైనప్పుడు విలన్లు చిన్నవాళ్లు. ఎల్విన్ అడవిలో హైనా మొహం వేసుకుని తిరిగే హాగర్ చేతిలో కొత్త ఆటగాళ్లు కుప్పలుగా చచ్చేవారు. పక్కనే వెస్ట్‌ఫాల్ పల్లెల్లో ఎడ్విన్ వాన్‌క్లీఫ్ ఉండేవాడు. వృత్తిరీత్యా రాతిపని మేస్త్రీ. యుద్ధంలో నేలమట్టమైన స్టార్మ్‌విండ్ నగరాన్ని అతని సంఘం తిరిగి కట్టింది. కట్టాక దొరలు కూలి ఎగ్గొట్టారు. బిల్లు పెండింగులో పడ్డ మేస్త్రీ దొంగల ముఠా కట్టి, పాడుబడ్డ గనిలో రహస్యంగా ఓడ కట్టించి, తాను నిలబెట్టిన నగరం మీదికే దండెత్తబోయాడు. ఆటగాళ్లు అతన్ని చంపితే జేబులో పంపని ఉత్తరం ఒకటి దొరికేది. లోకాన్ని మింగాలన్న కోరిక అతనికి లేదు. అతని బాధ ఏమిటో పదకొండేళ్ల పిల్లవాడికి కూడా తెలిసేది.

అక్కడి నుంచి, ఆటకు అదనంగా అమ్మే ఒక్కో కొత్త భాగంతో (ఎక్స్‌పాన్షన్), విలన్లకు ఇంక్రిమెంట్లు మొదలయ్యాయి. 2007లో ఇల్లిడాన్, అతని వెనక రాక్షస ప్రభువు కిల్‌జేడెన్. 2008లో లిచ్ కింగ్‌గా, అంటే శవాల సేనకు రాజుగా మారిన రాకుమారుడు ఆర్థస్. ఆర్థస్ బలం అతని కత్తిలో కన్నా అతని గతంలో ఎక్కువ ఉంది. ప్రజలను కాపాడతానని బయల్దేరినవాడు ఊరి జనాన్ని నరికి, చివరికి కన్నతండ్రిని సింహాసనం ముందే పొడిచిన కథను బ్లిజార్డ్ 2002లోనే ‘వార్‌క్రాఫ్ట్ 3’లో చెప్పి పెట్టుకుంది. ఆరేళ్లు నానిన కథ కాబట్టి రుచి వచ్చింది. 2010 అక్టోబరుకు చందాదారులు కోటీ ఇరవై లక్షలకు చేరారు.

ఆర్థస్ పోయాక అంతకన్నా పెద్దవాడు కావాలి. 2010 డిసెంబరులో డెత్‌వింగ్ అనే డ్రాగన్ వచ్చి ప్రపంచ పటాన్నే చీల్చేసింది. 2012లో మాత్రం దారి తప్పి ఒక మంచి పని జరిగింది. ఆటగాళ్లలో సగం మందికి నాయకుడైన గారోష్ హెల్‌స్క్రీమ్‌నే విలన్ చేశారు. అధికారం తలకెక్కిన సొంత మనిషి కాబట్టి కథ రక్తి కట్టింది. ఆ అలవాటు నిలవలేదు. 2014లో వర్తమానంలో విలన్లు చాలక మరో కాలరేఖలోని గతానికి వెళ్లి, గారోష్ తండ్రిని, ఆయన తోటి సేనానులను పట్టుకొచ్చారు. ఆ ఎక్స్‌పాన్షన్ విడుదలనాటికి కోటి దాటిన చందాదారులు ఏడాది తిరక్కుండానే 56 లక్షలకు పడిపోయారు. కథ ఒక్కటే కారణం కాదు; నెలల తరబడి కొత్త సరుకు రాకపోవడం కూడా. 2015 చివర్లో కంపెనీ ఈ సమస్యకు విరుగుడు కనిపెట్టింది: చందాదారుల లెక్క ప్రకటించడం మానేసింది.

2016లో గ్రహాలను నాశనం చేసే సార్గెరాస్ వంతు. అతను పోతూ పోతూ గ్రహం ఒంట్లో కొండంత కత్తి దించి పోయాడు. తర్వాతి ఎక్స్‌పాన్షన్లలోనూ అది అక్కడే నిలబడి ఉంది. జనం దాని నీడలో పనులు చేసుకున్నారు. 2020 జనవరిలో వేల ఏళ్లుగా చెరలో గుసగుసలాడుతున్న ప్రాచీన దేవుడు ఎన్జోత్ ఒక కాంతికిరణం దెబ్బకు పోయాడు.

ఈ పెరుగుదలకు మూలం దుకాణంలో ఉంది. రెండేళ్లకోసారి కొత్త ఎక్స్‌పాన్షన్ అమ్మాలి. దాన్ని కొనాలంటే పాతదానికన్నా మంచి గేర్ (ఆయుధాలు, కవచాలు) దొరకాలి. ఆ గేర్ రాల్చడానికి పెద్ద బాస్ కావాలి. లెవెల్ పరిమితి 60 నుంచి మెట్టుమెట్టుగా 120కి ఎక్కింది. దెబ్బల అంకెలు లక్షలు దాటాయి. విలువ పడిపోయిన నోట్ల మీద సున్నాలు కొట్టేసే ప్రభుత్వంలా బ్లిజార్డ్ 2014లో అంకెలను కుదించింది, తర్వాత మళ్లీ కుదించింది. 2020లో లెవెల్ పరిమితి తిరిగి 60కి దిగింది. అంకెలు తగ్గించడం సులువు. దేవుణ్ణి చంపి వచ్చిన ఆటగాణ్ణి మళ్లీ కూలి డబ్బుల గొడవకు భయపెట్టడం సులువు కాదు.

కొత్త విలన్లు దొరకనప్పుడు పాతవాళ్లే ఓవర్‌టైమ్ చేశారు. అగ్నిప్రభువు రాగ్నరోస్ రెండు సార్లు ఓడాడు. చచ్చి లేచిన మాంత్రికుడు కెల్‌థుజాద్‌ను నాక్స్‌రామస్ కోటలో 2006లో చంపారు, 2008లో చంపారు. 2021లో మరోచోట మళ్లీ చంపారు. 2007లో ఆటగాళ్లు చంపిన ఇల్లిడాన్ 2016లో వాళ్లకే మిత్రుడయ్యాడు.

పతాక సన్నివేశం 2020 నవంబరులో వచ్చిన ‘షాడోలాండ్స్’. కథంతా పరలోకంలో. చచ్చినవాళ్లంతా అక్కడ చిరునామాతో సహా దొరుకుతుంటే చావంటే ఎవరికి భయం? విలన్ పేరు జైలర్. ఆర్థస్ కత్తి, కిరీటం తన సొత్తేనని, రాణి సిల్వానాస్ ఏళ్లుగా తన కోసమే పనిచేసిందని తేలింది. ఒక్క వాక్యంతో అంతకుముందు ఇరవై ఏళ్ల కుట్రలు అతని ఖాతాలో పడ్డాయి. ఆర్థస్ పతనం ఒక మనిషి తప్పు కాదని, పై ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తర్వని చెప్పినట్టయింది. ఇన్ని చేయించిన జైలర్‌కు కావలసిందేమిటో మాత్రం ఆఖరి యుద్ధం దాకా స్పష్టం కాలేదు. చస్తూ అతను ముందు ముందు ఇంకా పెద్ద ముప్పుందని హెచ్చరించాడు.

పురాణం ఈ లెక్కను తిరగేసి రాసింది. జయవిజయులు శాపవశాన మూడుసార్లు విలన్లుగా పుట్టారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపుల కోసం విష్ణువు రెండు అవతారాలు ఎత్తాలి. రావణ కుంభకర్ణులకు ఒక్క రాముడు చాలాడు. శిశుపాల దంతవక్త్రుల సంహారం కృష్ణుడి పనుల్లో ఒకటి మాత్రమే. బలం జన్మజన్మకూ తగ్గింది, కథ తగ్గలేదు. ఎన్ని జన్మలో మొదటే తేల్చారు కాబట్టి నాలుగోదానికి ఎవరూ టికెట్ అమ్మలేదు.

బ్లిజార్డ్‌కు ఈ సంగతి ఆలస్యంగానైనా తట్టినట్టుంది. 2019లో పాత ఆటను పాతదానిలాగే ‘క్లాసిక్’ పేరుతో మళ్లీ విడుదల చేస్తే, హాగర్ చేతిలో చావడానికి జనం సర్వర్ల ముందు గంటల తరబడి క్యూలో నిలబడ్డారు. 2023లో మూడు ఎక్స్‌పాన్షన్ల కథను ఒకేసారి ప్రకటించి, ఎక్కడ ఆగాలో ముందే చెప్పింది. అది చాలదు. ప్రతినాయకుడి బలాన్ని అంకెలతో పెంచవచ్చు, అతని కారణాన్ని మాత్రం రాయాలి. ఇరవై ఏళ్లలో ఈ ఆట పుట్టించిన దేవుళ్లలో, రాక్షసుల్లో ఎక్కువమంది కన్నా కూలి రాని ఆ మేస్త్రీయే పెద్ద విలన్.