స్ట్రింగులాయన

పాలు పోసేవాడు పాలాయన, పేపరు వేసేవాడు పేపరాయన. అదే లెక్కన మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలో వెతికినా ఒక స్ట్రింగులాయన దొరుకుతాడు. మెడలో వేలాడే కార్డు మీద మాత్రం లోకలైజేషన్ మేనేజర్ అని ఉంటుంది. ఆ హోదా వల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు. పెళ్లిళ్లలో చుట్టాలు సగం విని, "లోకల్ మేనేజరా? అంటే అమెరికా పంపరన్నమాట" అని జాలిపడి, ఇంకో గారె వడ్డించమంటారు.

యాప్ తెరవగానే కంటపడే ప్రతి మాటా స్ట్రింగే. 'లాగిన్ అవ్వండి' ఒకటి. 'ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి' ఇంకొకటి. వీటిని ప్రోగ్రాము పొట్టలో పెట్టి కుట్టేయకుండా, విడిగా ఒక ఫైల్లో ఉంచి, ఒక్కోదానికి ఒక 'కీ' తగిలించి, భాషకో ఫైలు చొప్పున పెంచి పోషించడం ఆయన ఉద్యోగం. ఆండ్రాయిడ్‌కి ఒక ఫోల్డరు, ఐఫోన్‌కి మరో ఫోల్డరు, వెబ్‌సైటుకి ఇంకో ఏర్పాటు. ఒకే బటన్ మీద ఒకచోట 'రద్దు చేయి', ఒకచోట 'రద్దు చేయండి', మూడోచోట 'క్యాన్సిల్'. వాడే మనిషిని కంపెనీ పొద్దున నువ్వనీ మధ్యాహ్నం మీరనీ పిలుస్తుంటే ఆయనకి అన్నం సయించదు. మిగతా అంతస్తంతా సుఖంగానే తింటుంది.

ఈ విద్యకి ఇంగ్లీషులో ఇంటర్నేషనలైజేషన్ అన్న పేరు మరీ పొడుగని, మొదట ఐ, చివర ఎన్, మధ్యలో 18 అక్షరాలు ఉన్నాయి కాబట్టి, దాన్ని 'ఐ18ఎన్' అని కుదించారు. దాని తమ్ముడు లోకలైజేషన్ ఎల్10ఎన్ అయింది. తమ మాట పొడుగైతే అంకె పెట్టి నరుక్కున్న ఈ జనమే, బటన్ మీద తెలుగు పొడుగైందని ఆయన మీదికి లేస్తారు.

ఆయన్ని పిలిచేది ఎప్పుడూ శుక్రవారం సాయంత్రమే. సోమవారం రిలీజు. అప్పగింతలు అయ్యాక ముహూర్తం ఎప్పుడని అడిగినట్టు, బటన్లూ రంగులూ బొమ్మలూ అన్నీ ఖాయమయ్యాక మేనేజరు వచ్చి, "చిన్న పని ఉంది, తొమ్మిది భాషల్లోకి మార్చేస్తే అయిపోతుంది" అంటాడు. వెనకాలే ఫైలు వస్తుంది. అందులో కీల పేర్లు టెక్స్ట్1, టెక్స్ట్2, న్యూటెక్స్ట్2, న్యూటెక్స్ట్2ఫైనల్.

"ఇది ఎక్కడ కనిపిస్తుంది?" అంటాడు స్ట్రింగులాయన.

"ఏది అన్నా?"

"ఇక్కడ 'ఓపెన్' అని ఉంది. తెరవమని చెప్పే బటనా, దుకాణం తెరిచి ఉందని చెప్పే బోర్డా?"

"రెండు చోట్లా అదే కీ వాడాం అన్నా. ఇంగ్లీష్‌లో బాగానే ఉంది కదా."

ఆ చివరి వాక్యం ఆయన రోజూ వినేదే. దానికి జవాబుగా స్క్రీన్‌షాట్ అడుగుతాడు. స్క్రీన్‌షాట్ ఇవ్వాలంటే ఆ స్క్రీను ఇంకా తయారుకాలేదు. తయారుకాని స్క్రీను మీద ఏ మాట ఎవరు ఎవరితో అంటున్నారో తేలక ఆయన రాత్రి పదింటిదాకా కూర్చుంటాడు. ఈ అలవాటు ఇంటికి కూడా పాకింది. "ఏమండీ, కొంచెం చూడండి" అని భార్య వంటింట్లోంచి కేకేస్తే, "చూడాల్సింది కూరా, పిల్లాడి హోంవర్కా? కాంటెక్స్ట్ చెప్పు" అంటాడట.

ఆయన పగ ప్రధానంగా అతుకుల వాక్యాల మీద. డెవలపర్లకి వాక్యాన్ని ముక్కలు చేసి అతికించడం సరదా. 'మీ వాహనం' ఒక ముక్క, మధ్యలో గమ్యం పేరు వచ్చి కూర్చునే ఖాళీ, తర్వాత 'కి బయల్దేరింది' ఇంకో ముక్క. ఏలూరు దాకా బండి బాగానే వెళ్తుంది. వాడే మనిషి తన చిరునామాని 'ఇల్లు' అని దాచుకున్న రోజున 'మీ వాహనం ఇల్లు కి బయల్దేరింది' అని తెర మీద పడుతుంది. ఇల్లు ఇంటికి అవుతుందనీ, రాముడు రాముడికి అవుతాడనీ మన పసిపిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రోగ్రాముకి చెప్పాలంటే అదో పెద్ద ప్రాజెక్టు. అందుకని స్ట్రింగులాయన 'గమ్యం: ఇల్లు' అని రాసి ఒడ్డెక్కుతాడు. కోలన్ ఆయన కులదైవం. దాని వెనకాల ఏ పేరు వచ్చి నిలబడ్డా విభక్తి అడగదు. తెలుగు యాప్‌ల నిండా ఈ రెండు చుక్కలు ఎందుకు కనిపిస్తాయని మీకెప్పుడైనా సందేహం వస్తే, ఒక్కో జత చుక్కల వెనకా ఇలాంటి మనిషి ఒకడు చేతులెత్తేశాడని అర్థం చేసుకోండి.

డ్రైవర్ వచ్చాడా, వచ్చిందా అన్న చిక్కు మాత్రం మనకి అనాయాసంగా తెగింది. 'వచ్చారు' అంటే చాలు, మర్యాదకి మర్యాద, ప్రోగ్రాముకి ప్రోగ్రాము. ఈ విషయం ఆయన మిగతా భాషల వాళ్ల దగ్గర కాస్త మీసం దువ్వి మరీ చెబుతాడు.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చునే సాహసం కొత్తవాళ్లే చేస్తారు. పెరుగన్నం కలిసేలోగా బహువచనం మొదలవుతుంది. యూనికోడ్ వాళ్ల లెక్కలో బహువచనానికి ఆరు అరలు ఉన్నాయనీ, అరబ్బీకి ఆ ఆరూ కావాలనీ, జపనీస్‌కి ఒక్కటి చాలనీ, తెలుగుకి రెండనీ వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తాడు. "రెండే రెండు! ఒకటి అయితే ఫైలు, కాకపోతే ఫైళ్లు. ఈ రెండూ రాయడానికి బద్ధకించి 3 ఫైల్(లు) అంటారా?" అని ఆ బ్రాకెట్లలోని 'లు' మీద మజ్జిగ పక్కన పెట్టి మరీ ఆవేశపడతాడు. కొత్త కుర్రాడు మర్నాటి నుంచి డబ్బా తెచ్చుకుని మెట్ల మీద తింటాడు.

డిజైనర్లతో ఆయన యుద్ధం వేరే రకం. వాళ్లు ఇంగ్లీషు అక్షరం ఎత్తు చూసుకుని గళ్లు గీస్తారు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. ఆ గళ్లలో పోస్తే రాష్ట్రం కింది వత్తులు సగానికి తెగుతాయి. ఆయన దగ్గర దీనికొక పరీక్ష ఉంది. ఏ బటన్ చేతికొచ్చినా అందులో 'స్వాతంత్ర్యం' అని రాసి చూస్తాడు. తకారం, దాని కింద రావత్తు, దాని వెంట యావత్తు, ఇవన్నీ తెగకుండా నిలబడితే ఆ బటన్ పాసు. ఒకసారి మీటింగులో ఆవేశం ఆపుకోలేక, "మీ కంపెనీ బటన్లలో స్వాతంత్ర్యానికి చోటు లేదు!" అని అరిచాడు. తలుపు బయట ఉన్న హెచ్ఆర్ అమ్మాయి అది విని, యూనియన్ పెడుతున్నాడేమోనని పైవాళ్లకి మెయిల్ పెట్టింది.

ఫాంట్ల ఎంపిక దగ్గర ఇంకో రభస. సిలికానాంధ్ర వాళ్ల చొరవతో ఉచితంగా దొరికే ఫాంట్లకి పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అని పేర్లు. భువనవిజయంలో సగం మంది డ్రాప్‌డౌన్‌లో కొలువు తీరి ఉంటారు. యాప్ సైజు పెరిగిందని గోల వచ్చినప్పుడు మేనేజరు జాబితా చూసి, "పెద్దనని తీసేయండి, తిమ్మనతో సర్దుకుందాం" అన్నాడు. సాహిత్య చరిత్రలో ఇంత వేగంగా జరిగిన విమర్శ మరొకటి లేదని నా అభిప్రాయం.

తర్జుమా రాకముందే తప్పులు పట్టే కిటుకు ఒకటి ఉంది. ఇంగ్లీషు మాటల్నే సాగదీసి, అక్షరాల నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టి, అటూ ఇటూ బ్రాకెట్లు తగిలించి యాప్ నడుపుతారు. ఎక్కడ మాట తెగిందో, ఏ మాట చుక్కలు లేకుండా మామూలుగా మిగిలిందో చూస్తే చాలు, ఏది ప్రోగ్రాములో ఇరుక్కుపోయిందో తెలిసిపోతుంది. మంచి పద్ధతే. ఆయన దాన్ని ఆన్ చేసి టీకి వెళ్లిన పూటే వైస్ ప్రెసిడెంటు ఎవరో క్లయింటుకి యాప్ చూపించాడు. వైరస్ అనుకుని అంతస్తు మొత్తానికి నెట్ పీకేశారు.

బొమ్మల సంగతి చెప్పకపోతే అన్యాయం. సంక్రాంతి ఆఫర్ బ్యానర్ ఉంటుంది. ముగ్గు, గొబ్బెమ్మ, గాలిపటం, వాటి మధ్య పెద్దక్షరాల్లో ఇంగ్లీషు. ఆ అక్షరాలు బొమ్మలో భాగమైపోయాయి, గీకినా రావు. పొరలు పొరలుగా ఉన్న అసలు ఫైలు ఇవ్వమంటే, అది చేసినతను రాజీనామా చేసి బెంగళూరు వెళ్లిపోయాడంటారు. బొమ్మలో మాట కలపొద్దు, మాటని విడిగా బొమ్మ మీద వేయండి అని ఆయన ఏటా చెబుతాడు. ఏటా సంక్రాంతి వస్తుంది.

ఉర్దూ వచ్చినప్పుడు మాత్రం ఆయన వైభవం చూడాలి. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష కాబట్టి ప్రభుత్వ పని పట్టిన కంపెనీకి అది తప్పదు. కుడి నుంచి ఎడమకి నడిచే లిపి. వెనక్కి వెళ్లే బాణం దిశ మారాలి. పాట మొదలుపెట్టే ముక్కోణం మారకూడదు. గడియారం మారకూడదు. ఫోన్ నంబరు ఎడమ నుంచి కుడికే నడవాలి. ఇదంతా ఆయన మూడు పేజీలు రాసిచ్చాడు. చదివే తీరిక లేని కుర్రాడు స్క్రీను మొత్తాన్ని ఒక్క దెబ్బకి అద్దంలో చూపించినట్టు తిప్పేశాడు. గడియారం వెనక్కి నడిచింది. కంపెనీ లోగో కూడా తిరగబడింది. లోగో తిరగబడ్డాకే పైవాళ్లకి ఇదొక సమస్య అని తెలిసింది.

డబ్బు లెక్కల వాళ్లకి తెలుగు గిట్టకపోవడానికి కారణం ఎస్సెమ్మెస్. ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాల చోటు ఉంటే, తెలుగులో రాస్తే 70కి పడిపోతుంది. ఆ 70లో గుణింతం గుర్తూ పొల్లూ కూడా వేరువేరుగా లెక్కకొస్తాయి. 'ప్రియమైన వినియోగదారులకు నమస్కారం' అనేసరికి దాదాపు సగం ఖర్చయిపోతుంది. "నమస్కారం తీసేయండి" అని ఫైనాన్సు వాళ్లు మెయిల్ పెట్టారు. ఆయన ప్రియమైన తీసి నమస్కారం ఉంచాడు.

ఆయన జీవితంలో ఒకే ఒక్క వారం ఏలినవాడిలా గడిచింది. 2018 ఫిబ్రవరి. ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన రోజులు. జకారానికి ఞవత్తు, దీర్ఘం. ఆపిల్ వాళ్లు 11.2.6 అని కొత్త వెర్షన్ విడుదల చేస్తే గానీ సద్దుమణగలేదు. ఆయనెవరో తెలియని వాళ్లు కూడా కుర్చీలు లాక్కుని ఆయన చుట్టూ చేరారు. "జ్ఞానాన్ని ఐఫోన్ తట్టుకోలేకపోయిందట కదా సార్" అని ఎవరో హాస్యమాడితే, ఆయన చాలా గంభీరంగా, "మామూలు జ్ఞానంతో ఏమీ కాదండీ. వత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని గుర్తు ఒకటి ఇరుక్కోవాలి" అని సవరించాడు. ఆ కనపడని గుర్తు ఆయనకి పాత నేస్తమే. సాఫ్ట్ కింద వేర్ వత్తుగా వేలాడకుండా రెంటినీ విడదీసి నిలబెట్టేది అదే. ప్రోగ్రామర్లు దాన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తుంటారు, ఆయన మళ్లీ తెచ్చి పెడుతుంటాడు.

ఇప్పుడు తర్జుమాలన్నీ ఏఐ చేసేస్తుందని పైవాళ్లు ఉత్సాహంగా ఉన్నారు. చేస్తుంది కూడా, చక్కటి వాక్యాలే వస్తున్నాయి. దానికి పంపేది ఆ టెక్స్ట్1, న్యూటెక్స్ట్2ఫైనలే. తేడా ఒక్కటే. ఇది ఎక్కడ కనిపిస్తుంది, ఎవరితో అంటున్నాం అని యంత్రం నోరు తెరిచి అడగదు. పైవాళ్లకి దానిలో నచ్చిన గుణం అదేనని నా అనుమానం. స్ట్రింగులాయన ఇప్పుడు దాని పని దిద్దుతూ, అది అడగని ప్రశ్నలు కూడా తనే అడుగుతున్నాడు.

ఈమధ్య మేనకోడలి పెళ్లి పత్రికలు వేయించడానికి ఛత్తాబజార్ వెళ్లాడు. ప్రెస్సులో ఒకే కంప్యూటరు. ఒక కిటికీలో అను ఫాంటుతో తెలుగు పత్రిక, ఇంకో కిటికీలో ఇన్‌పేజ్‌లో ఎవరిదో ఉర్దూ శుభలేఖ, కుడి నుంచి ఎడమకి ముత్యాల్లా. ప్రెస్సాయన రెంటి మధ్యా అటూ ఇటూ దూకుతూ టీ తాగుతున్నాడు. యూనికోడ్ కాదని తెలిసి కూడా మనవాడు ఏమీ అనలేదు, అది గమనించాల్సిన సంగతి. ప్రూఫు చేతికి రాగానే పని మొదలుపెట్టాడు. ఈ పేరు ఎన్నిచోట్ల వస్తుంది? ముహూర్తం మారితే అన్నిచోట్లా మారుతుందా? కవరు మీది బొమ్మలో అక్షరాలు విడిగా ఉన్నాయా, కలిసిపోయాయా? ఆ వత్తు అంచుకి తగులుతుందేమో?

ప్రెస్సాయన విసుక్కోలేదు. "పెళ్లిపిల్ల పేరు నాలుగు చోట్ల వస్తది సార్. అందరు ఒక్కకాడ దిద్ది పోతరు, మిగిలినయి నా నెత్తి మీదికొస్తయి. అందుకే అన్నీ చూసి ఈడ సంతకం పెట్టుండ్రి" అని పెన్సిలు ఇచ్చాడు. తన కంపెనీలో ఏళ్ల తరబడి అడిగి సాధించుకోలేని సంతకం అది. స్ట్రింగులాయన గొంతు పూడుకుపోయి, "నేను చేసేదీ ఇదే పనండీ" అన్నాడు.

"గట్లనా! ఏడ సార్?"

"గచ్చిబౌలిలో."

"పేజీకింతనా, నెలకింతనా?"

"నెలకే."

"నయం సార్. పేజీ లెక్కనైతే, ఇన్ని సవాళ్లు అడిగేటోళ్లకు గిట్టుబాటు కాదు."